అత్తమ్మ విత్తనాల అర్ర

పోయిన నెల మా అబ్బాయి నన్ను వనపర్తిలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఈ మధ్య తెలిసినవాళ్ల పేర్లే నోటిదాకా వచ్చి ఆగిపోతున్నాయి, పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతున్నాను. నా ఈడువాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కరలేదు. ఆ డాక్టరు, మా చిన్నబిడ్డ వయసుండే అమ్మాయి, బల్ల మీద కొన్ని బొమ్మలు పరిచి కలిసి ఉండేవాటిని ఒకచోట చేర్చమంది. నేను ఎద్దును నాగలి పక్కన, పిల్లిని పాలగిన్నె పక్కన పెట్టాను. జంతువులు రెండూ ఒకవైపు పెడతాననుకున్నాడేమో, మావాడు కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు. ఆ అమ్మాయి మాత్రం నవ్వి, ఇదేమీ తప్పు కాదని, కొందరి మెదడు చూపుకు ఒక్కతీరుగా ఉన్నవాటిని దగ్గర చేరుస్తుందని, కొందరిది బతుకులో ఒకదానితో ఒకటి పనిబడేవాటిని చేరుస్తుందని, మనిషి ఎట్లా బతికితే తలలో అరలు అట్లా ఏర్పడతాయని చెప్పింది. మావాడు కుదుటపడ్డాడు. నాకు మాత్రం నలభై ఏళ్లకు పైబడిన ఒక తప్పు గుర్తొచ్చి, బస్సులో ఇల్లు చేరేదాకా అదే తలలో తిరిగింది.

నేను కోడేరుకు కోడలిగా వచ్చి అప్పటికి ఏడాది దాటింది. వనపర్తిలో ఇంటర్ చదివానన్న గర్వం కొంగున కట్టుకుని వచ్చినదాన్ని. మా ఆయన అయిజలో పనిచేస్తూ వారానికోసారి వచ్చేవాడు; ఇంట్లో నేను, మామ, అత్తమ్మ. అత్తమ్మకు అక్షరం ముక్క రాదు. కానీ మృగశిర కార్తె దగ్గరపడిందంటే చుట్టుపక్కల రైతులు ఆమెను వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. ఫలానా మెట్ట చెల్కలో ఏం వేయాలి, వాన ఆలస్యమైతే ఏం వేయాలి అని మగవాళ్లు వచ్చి అరుగు మీద కూర్చుని ఒక ఆడమనిషిని అడగడం నేను ఆ ఇంట్లోనే మొదటిసారి చూశాను. ఆమె లోపలి అర్రలోకి పోయి, ఒక కుండలో చెయ్యి పెట్టి, గింజలు వేళ్ల మధ్య నలిపి చూసి తెచ్చి ఇచ్చేది.

ఆ అర్రలో ఇరవై దాకా కుండలుండేవి. బూడిద, వేపాకు కలిపి, మూతికి గుడ్డ కట్టి పెట్టిన విత్తనాలు. నా కంటికి అదంతా చిందరవందరగా కనిపించేది. జొన్నల కుండ పక్కన ఆముదాలు, వాటి పక్కన ఉలవలు, మళ్లీ జొన్నలు, ఆ మూలన కందులు, ఇంకోమూలన మళ్లీ కందులు. చదువులేని మనిషి కదా, ఒక వరస తెలియదు పాపం అనుకునేదాన్ని.

ఆ ఎండాకాలం అత్తమ్మకు కండ్లలో శుక్లాలు ముదిరి, గద్వాలలో ఉండే మా ఆడబిడ్డ ఆమెను తీసుకుపోయి ఆపరేషన్ చేయించింది. తిరిగి రావడానికి ఇరవై రోజులు పట్టింది. ఆమె వచ్చేలోపు అర్ర సర్ది మెప్పు పొందాలని నాకు బుద్ధి పుట్టింది. తెల్లజొన్నలన్నీ పెద్ద కాగులో పోశాను, కందులన్నీ ఒక కాగులో, ఉలవలన్నీ ఒక కాగులో. మిగిలిన కుండలు కడిగి బోర్లించి, నిండిన కాగుల మీద సుద్దముక్కతో పేర్లు రాశాను. మామ ఆ అర్ర గడప తొక్కేవాడు కాదు. గడపలో నిలబడి నా పని నేనే చూసుకుని మురిసిపోయిన ఆ క్షణం, ఇప్పుడు తలచుకుంటే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

అత్తమ్మ వచ్చింది. దళసరి కండ్లద్దాలు, ఒక చెయ్యి గోడకు ఆనించుకుని నడక. నేనే చెయ్యి పట్టుకుని అర్రలోకి తీసుకుపోయాను. ఆమె జొన్నల కాగులో మోచేతిదాకా చెయ్యి పెట్టి, పిడికెడు తీసి, చాలాసేపు నలుపుతూ నిలబడింది. తిట్టలేదు.

“గివి ఒక్కతీరుగ కానొస్తయ్ గని ఒక్కటి గావు బిడ్డా. ఒకటి గరుసు చెల్కది, ఒకటి నల్లరేగడిది, ఇంకోటి వాన ఎన్కకు పోతే ఏసేటిది” అంది.

అప్పుడు అర్థమైంది నాకు. ఆ జొన్న, పక్కన ఆముదం, దాని పక్కన ఉలవ, ఆ మూడూ కలిపి ఒక చేను. అటువైపు మూడు కుండలు ఇంకో చేను. ఇంకో మూలన ఉన్నవి ఆలస్యమైన వాన కోసం. ఆమె తలలో పొలమంతా ఎట్లా పరుచుకుని ఉందో అర్రలోనూ అట్లాగే ఉండేది. నేను దాన్ని ఒక్క మధ్యాహ్నంలో కలిపి పోశాను.

పది రోజులు ఆమె చాట ముందు కూర్చుని గింజగింజా వేరుచేయాలని చూసింది. కొత్త అద్దాలతో కండ్లు నీళ్లు కారేవి. నేనూ పక్కన కూర్చున్నాను కానీ నాకు అన్నీ ఒక్కటిగానే కనిపించాయి. అంతలో వాన పడింది. వేరే దారి లేక మామ ఆ కలిసిన విత్తనమే వేశాడు. విత్తనం కోసం వచ్చినవాళ్లను మాత్రం అత్తమ్మ ఈ యేడు లేదని వెనక్కి పంపింది.

చేను పెరిగాక తప్పు అందరికీ కనిపించింది. సగం మొక్కలు ముందే కంకి వేస్తే పిట్టలన్నీ వాటి మీదనే వాలాయి. మిగతావి పచ్చగా నిటారుగా నిలబడి, గరుసు నేలలో తడి చాలక కంకి తీయకుండానే ఎండిపోయాయి. ఒక పొద్దున మామ చేను నుంచి వచ్చి, ఇన్నేళ్ల నుంచి లేనిది ఇప్పుడిట్లా ఎందుకైందని గట్టిగా అడిగాడు. నేను పొయ్యి దగ్గర రొట్టె తడుతున్నాను.

“నేనే కలిపిన. కండ్లు కానరాలే” అంది అత్తమ్మ.

మామ చెప్పులు విడిచి నేరుగా అర్రలోకి నడిచాడు. కాగుల మీద నా అక్షరాలున్నాయి కదా అని నేను రొట్టె వదిలేసి లేచాను. కాసేపటికి బయటికి వచ్చి మళ్లీ చేనుకు పోయాడు. తర్వాత పోయి చూస్తే సుద్దరాతలు లేవు. చదవడం రాని మనిషి ఆ గీతలు నావేనని తెలిసి, ఎప్పుడో తుడిచేసింది.

మరునాడు చేంతాడు చుడుతున్న ఆమె దగ్గరికి పోయి, మామతో నేనే చెబుతానన్నాను. ఆమె తల ఎత్తలేదు.

“వద్దు బిడ్డా. కొత్త కోడలు ఇత్తనం చెడగొట్టిందంటే ఊరు మర్సిపోదు. నేనైతే ముసల్దని ఇడిసిపెడ్తరు” అంది.

ఆ మాటకు నా కండ్లలో నీళ్లు తిరిగిన మాట నిజం. లోపల హాయిగా ఊపిరి పీల్చుకున్న మాట కూడా నిజం. ఇన్నేళ్లూ నన్ను తొలిచింది ఆ హాయే.

ఊరు ఆమెను నిజంగానే విడిచిపెట్టింది. పాపం ముసలామెకు మతి తప్పింది, కండ్లు పోయాయి అన్నారు. మరుసటి ఏడు విత్తనం కోసం ఇద్దరే వచ్చారు, ఆపై ఏడు ఎవరూ రాలేదు. మృగశిర వచ్చినప్పుడల్లా ఆమె అరుగు ఊడ్చి, చాప పరిచి, కొంతసేపు దారి చూసి లోపలికి వచ్చేది. మామ పోయేదాకా ఆ తప్పు ఆమెదేననుకున్నాడు. నేను చెప్పలేదు. పిల్లలు పుట్టారు, ఇంటి పెత్తనం నా చేతికి వచ్చింది, ఎవరూ నన్ను ఒక్క మాట అనలేని రోజులు వచ్చాయి, అప్పుడూ చెప్పలేదు. ఆమె పోయి కూడా ఇరవై ఏళ్లు దాటింది.

ఇప్పుడు మా పొలంలో పత్తి వేస్తున్నారు. విత్తనం ప్యాకెట్లో వస్తుంది, దాని మీద ఒక బొమ్మ, ఒక పేరు. గరుసు చెల్కకూ అదే, నల్లరేగడికీ అదే. వాన ఆలస్యమైతే మావాడు ఫోన్‌లో ఏదో చూసి, ఈ యేడు అంతే అని ఊరుకుంటాడు. వాడిని అనడానికి లేదు, వాడికి ఇంకోటి చూపించినవాళ్లు లేరు. పాతకాలపు తెలివి ఆ ముసలివాళ్లతోనే పోయిందని మన ఈడువాళ్లం కూర్చుంటే అనుకుంటాం. నేనూ తల ఊపుతాను. కానీ మా అత్తమ్మ తలలోని పొలం ఆమెతో పోలేదు. ఆమె ఇంకా బతికుండి, అరుగు మీద చాప పరుచుకుని ఎదురుచూస్తుండగానే, అడగడానికి ఒక్కరూ రాకనే అది పోయింది. వాళ్లు ఎందుకు రావడం మానేశారో ఆ ఇంట్లో ఆమె కాక నాకొక్కదానికే తెలుసు.