ఏడు బేసిన్లలో కారు

మహర్నవమి, శనివారం, పొద్దున్న ఏడుంబావు. కంగారూల దేశంలో, టూవూంబా ఊళ్ళో, మా ఇంటి గరాజు గుమ్మంలో అల్లుడు కాఫీ కప్పు పట్టుకుని నిలబడిపోయాడు. కప్పు మెల్లగా వంగుతోంది, కాఫీ సన్నటి ధారగా కాలి బొటనవేలి మీద పడుతోంది, ఆయనకు తెలియడం లేదు. కాఫీ వేడిగానే ఉంది (నేనే పెట్టాను).

ఆ రోజుల్లో నాకింకా చిన్నతనం. అరవై ఒకటే. ఆ వయసులో మనిషికి ఒక ధీమా ఉంటుంది చూడండి, తను చెయ్యి పెడితే తప్ప ఇల్లు కుదుటపడదని! ఒంగోలు దగ్గర పొగాకు కంపెనీలో ముప్పై ఏళ్ళు ఆకు గ్రేడింగు చేసినదాన్ని. ఆకు వేళ్ళ మధ్య పట్టుకుంటే చాలు, కళ్ళు మూసుకుని ఏ గ్రేడో చెప్పేదాన్ని. అలాంటిదాన్ని కూతురు తీసుకొచ్చి, తనకు ఆసుపత్రి డ్యూటీలు, అల్లుడికి యూనివర్సిటీలో పాఠాలు చెప్పే పని, నాకేమో కిటికీలోంచి గడ్డి చూసే ఉద్యోగం ఇచ్చింది. అదిగో, అప్పుడొచ్చింది అమెరికా కారు.

ఎవరో రైతు షెడ్డులో అరవై ఏళ్ళ నాటి బండి పడి ఉంటే అల్లుడు మనసు పారేసుకున్నాడు. ట్రైలరు మీద వచ్చింది. ఈ కొస నుంచి ఆ కొసకు నడిస్తే ఆయాసం వచ్చేంత పొడుగు, ఈ దేశంలో లేనట్టు ఎడమ వైపు స్టీరింగు, వెనక సీట్లో కోడి పొదిగిన గుర్తులు. "కారు కొంటానన్నారు, కోళ్ళగూడు తెచ్చారేంటండీ?" అంది మా అమ్మాయి. అల్లుడికి అప్పటికి స్క్రూడ్రైవరు ఏ చేత్తో పట్టుకోవాలో కూడా తెలియదు. పక్కింట్లో ఒక గడ్డపాయన ఉన్నాడు, రిటైరైన మెకానిక్కు. ఆయనే గురువు. ఆయన మొదటి రోజు చెప్పిన పాఠం ఒక్కటే. విప్పిన ప్రతి బోల్టునూ సంచిలో వెయ్యి, సంచి మీద పేరు రాయి, రాయకపోతే నీ పని అయిపోయినట్టే.

అల్లుడు రాశాడు. నూట నలభై ప్లాస్టిక్ సంచులు. పైగా తెలుగులో రాశాడు, "అత్తయ్యకు వీలుగా ఉంటుంది" అని. ఎందుకంటే బోల్టులు కిరసనాయిల్లో నానబెట్టి తుప్పు గీకే పని నాది. గీకి సంచిలో వేస్తే ఆయన గోడకు మేకులు కొట్టి వరసగా తగిలించేవాడు. "అత్తయ్యా, డిక్కీ మూత సంచి ఇవ్వండి" అంటే తీసి ఇచ్చేదాన్ని. రెండేళ్ళు ఒక్కసారి కూడా తప్పు ఇవ్వలేదు.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. నాకు చదువు రాదు. ఒక్క అక్షరం రాదు. ఏడేళ్ళప్పుడు తమ్ముణ్ణి చంకనెత్తుకున్నాను, వాడు దిగేసరికి బడి వయసు దాటిపోయింది. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు గానీ, పెళ్ళి మాటల్లో మధ్యవర్తి నోటికొచ్చినట్టు "పెళ్ళికూతురి తల్లి ఏడో తరగతి చదివింది" అనేశాడు. వియ్యపురాలు స్కూలు టీచరు. ఆ అబద్ధం నా నెత్తి మీదే ఉండిపోయింది. అది బయటపడితే, తల్లీకూతుళ్ళు కలిసి మోసం చేశారని మా అమ్మాయి ముఖాన అంటారేమోనని భయం. అందుకని అల్లుడు ఏదైనా చదవమంటే "కళ్ళజోడు లేదు బాబూ" అనేదాన్ని. పాపం, ఆయన మూడు కళ్ళజోళ్ళు చేయించాడు.

సరే, మహర్నవమి. పనిముట్లకు పూజ చేసే రోజు. ఐదింటికే లేచి స్నానం చేసి గరాజులోకి వెళ్ళాను. రెంచీలు, సుత్తులు కడిగి బొట్లు పెట్టాను. అక్కడితో ఆగితే బాగుండేది. గోడకున్న సంచులు చూశాను. జిడ్డు, మసి. పండగ పూట వీటికి బొట్టెలా పెడతాం? అన్నీ దించాను. బోల్టులన్నీ కుమ్మరించి, ఇత్తడి దీపాలు తోమినట్టు చింతపండు పెట్టి తోమాను. మెరిసిపోయాయి! ఆ మెరుపు చూసేసరికి పాత ఉద్యోగం గుర్తొచ్చి గ్రేడింగు మొదలుపెట్టాను. పొట్టివి ఒక బేసిన్, పొడుగువి ఒక బేసిన్, లావువి, సన్నవి, నట్లు, వాషర్లు, ఏ జాతో తెలియనివి. మొత్తం ఏడు బేసిన్లు. ఒక్కోదానికి పసుపు, కుంకుమ, పెరట్లోంచి ఒక కాగితం పువ్వు. ఎంత ముచ్చటగా ఉందంటే, నాకు నేనే దణ్ణం పెట్టుకున్నాను.

అప్పుడొచ్చాడు అల్లుడు, కాఫీతో.

"అత్తయ్యా... సంచులేవి?"

"ఉతికి ఆరేశాను బాబూ."

"ఉతికారా?"

"వేణ్ణీళ్ళతో. ఎంత మురికనుకున్నారు!"

ఆయన పెరట్లోకి పరుగెత్తాడు. స్తంభం మీద గొడుగులా తిరిగే బట్టల తీగకు నూట నలభై సంచులు, క్లిప్పులు పెట్టి, గాలికి గిర్రున తిరుగుతున్నాయి. ఒక్కదాని మీదా అక్షరం లేదు. సబ్బునీళ్ళకు రాతంతా పోయింది. కంచె మీదుగా తల పెట్టిన గడ్డపాయన సంచుల్ని చూశాడు, గరాజులో బేసిన్లను చూశాడు, టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. శవం వెళుతుంటే తీస్తారే, అలాగ. "నో, నో, నో" అన్నాడు.

"అయ్యో, రాసుంది కదండీ! మీ కోసమేగా తెలుగులో రాసింది!" గరాజులోకి తిరిగొచ్చిన అల్లుడి గొంతు నేనెప్పుడూ వినని గొంతు. "కడిగే ముందు ఒక్కసారి చదివి చూడొచ్చు కదండీ!"

"కళ్ళజోడు..." అన్నాను.

"మీ తల మీదే ఉందండీ!"

చెయ్యి పెట్టి చూసుకున్నాను. ఉంది. ఒకటి తల మీద, ఒకటి మెడలో. ఇక ఎక్కడికి పారిపోను? రెండేళ్ళ కష్టం ఏడు బేసిన్లలో పోసి కూర్చున్నాను. అబద్ధానికి ఇంకో అబద్ధం అతికించే ఓపిక లేకపోయింది.

"నాకు చదువు రాదయ్యా!" అని అరిచాను. "ఒక్క ముక్క రాదు. ఏడో తరగతీ లేదు, ఎనిమిదో తరగతీ లేదు!"

సరిగ్గా అప్పుడే నైట్ డ్యూటీ చేసి మా అమ్మాయి వచ్చి గుమ్మంలో నిలబడింది. తీగ మీద సంచులు చూడలేదు, బేసిన్లు చూడలేదు. "అమ్మా, చెప్పేశావా?" అంది, తెల్లబోయి.

అల్లుడు అమ్మాయి వైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

"ఎందుకు తెలీదండీ, మా అమ్మ కదా!"

"మరి మా అమ్మకి?"

"మీ అమ్మకి తెలిసింది ఏడో తరగతి."

ఏమన్నారని గడ్డపాయన అడిగితే అల్లుడు ఇంగ్లీషులో చెప్పాడు. ఆయన టోపీ మళ్ళీ పెట్టుకుని, వాళ్ళ నాన్నకీ రాదనీ, గొర్రెల బొచ్చు కత్తిరిస్తూ బతికాడనీ అన్నాడట. ఆ మాట నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం, నన్ను ఏ విమానమెక్కించాలో మాట్లాడుకుంటున్నారనుకున్నాను.

అల్లుడు వచ్చి నా ఎదురుగా నేల మీద కూలబడ్డాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. "మరి రెండేళ్ళుగా అడిగిన సంచి అడిగినట్టు ఎలా ఇచ్చారు?" అన్నాడు.

"ఎలా ఏముంది? డిక్కీది రెండో వరసలో మూడో మేకు. అయినా ఆ బోల్టులు నాకు తెలియవా, నేను గీకినవే కదా!"

ఆయన నన్నే చూస్తూ బేసిన్‌లో చెయ్యి పెట్టి ఒకటి తీశాడు. "ఇది?"

చేతిలోకి తీసుకున్నాను. తుప్పు పోయింది గానీ వంకర ఎక్కడికి పోతుంది? "డిక్కీ మూతది, ఎడమ పక్క. తల ఒక మూల అరిగింది. మీరే అరగ్గొట్టారు, తప్పు రెంచి పెట్టి."

గడ్డపాయనకు అల్లుడు ఆ ముక్క చెప్పేసరికి ఆయన కంచె పట్టుకుని నవ్వాడు. ఇంకోటి ఇచ్చాడు. "డ్రైవరు వైపు తలుపుది, కింది కీలు." ఇంకోటి. "ముందు బంపరు." ఇంకోటి. "ఇది... ఇది తెలీదు." అన్నీ చెప్పానని కోతలు కొయ్యను, తెలియనివి చాలానే ఉన్నాయి. కానీ తెలిసినవి చూసి మా అమ్మాయి యూనిఫారంతోనే నేల మీద కూర్చుండిపోయింది.

ఆ తర్వాత మూడు నెలలు, ప్రతి శని, ఆదివారం, నేను పీట మీద, అల్లుడు కింద. నేను బోల్టు పేరు చెబుతాను, ఆయన సంచి మీద రాస్తాడు, రాసి నా ముందు పెట్టి "చదవండి" అంటాడు. లోకంలో అందరూ అమ్మ, ఆవు అంటూ మొదలుపెడతారు. నేను "ఎడమ తలుపు, పైన"తో మొదలుపెట్టాను. చివరి సంచులు నేనే రాశాను. వంకర టింకరగా ఉన్నా, అది బంపరని తెలిసేది.

కారు కదిలింది. మొదటి రోజు అల్లుడు ఎడమ వైపు కూర్చుని నడుపుతుంటే, ఈ దేశంలో డ్రైవరుండాల్సిన కుడి సీట్లో నేను చీర కట్టుకుని కూర్చున్నాను, రెండు చేతులతో చెక్కలు తింటూ. సిగ్నలు దగ్గర పక్క కారులో ఒక అమ్మాయి నన్ను చూసి నోరు తెరిచింది, సిగ్నలు పచ్చబడినా ముయ్యలేదు. స్టీరింగు అవతలి వైపుందని ఆ పిల్లకు తెలియదు కదా! మర్యాదకు ఒక చెక్క చూపించాను.

అల్లుడు వాళ్ళమ్మకు ఈనాటికీ చెప్పలేదు. ఇది చదివి తెలుసుకుంటుంది, తెలుసుకోనీ. టీచరు కనక తప్పులుంటే దిద్దుతుంది కూడా.

మొన్నొకరోజు అల్లుడు ఏదో బోల్టు విప్పి నా చేతిలో పెట్టాడు. నా కళ్ళు ముందు సంచి కోసం వెతికాయి, పేరు రాసుందేమోనని. రెండు వేళ్ళ మధ్య తిప్పి చూశాను, ఆ బోల్టు నాకేమీ చెప్పలేదు. చదువు రాని ఆ అరవై ఒక్కేళ్ళ మొద్దు మనిషికైతే తెలిసేది. ఆవిడ మీద కాస్త అసూయగా ఉంది.

ఆ మహర్నవమి పొద్దున్న అక్కడున్నవాళ్ళ పేర్లు రాసి ఆపేస్తాను: అల్లుడు, మా అమ్మాయి, గడ్డపాయన, రెండు కళ్ళజోళ్ళతో నేను, అమెరికా కారు. ఇంకా, అంతా బిగించాక కూడా మిగిలిపోయిన ఒక పొట్టి బోల్టు. అది ఇప్పటికీ గరాజు గోడ మేకుకు సంచిలో వేలాడుతోంది, నా చేతి రాతతో: "ఎక్కడిదో తెలీదు".