ఆగ్నేయానికి మారిన మోటారు

ఆ ఏడాది యాసంగి కోతలు మొదలయ్యేనాటికి నన్ను సూర్యాపేట బ్రాంచికి సర్వీస్ ఇంజనీరుగా వేశారు. మాది రైస్ మిల్లు యంత్రాల కంపెనీ. కోదాడ, మిర్యాలగూడ మిల్లులు నా పరిధి.

మొదటి ఫిర్యాదు మిర్యాలగూడలోని ఒక పాత మిల్లు నుంచి వచ్చింది. అక్కడ యంత్రానికో మోటారు ఉండదు. మిల్లు పొడవునా ఒకే ఇనుప ఇరుసు తిరుగుతుంటుంది. దాన్ని లైన్ షాఫ్ట్ అంటారు. పెద్ద మోటారు వెడల్పాటి బెల్టుతో దాన్ని తిప్పితే, దాని మీది పుల్లీల నుంచి చిన్న బెల్టులు అన్ని యంత్రాలనూ నడిపిస్తాయి. ఇప్పుడా పెద్ద బెల్టు జారుతోంది. వడ్లు పోయగానే షాఫ్టు నీరసపడుతోంది.

కోదాడ నుంచి వచ్చి స్థిరపడిన యజమాని రంగయ్యగారు, తప్పు ఫిట్టర్ యాదగిరిదేనని తేల్చేశారు.

"బెల్టు కొత్తది ఇంజనీరు గారూ. వీడికి అతుకెయ్యటం రాదు. సాయంత్రానికి మిల్లు నడవకపోతే రేపట్నుంచి వాళ్లూరెళ్లి గొర్రెలు కాసుకోమన్నా."

"గొర్లే నయం సేటూ. గవి జారయి," అన్నాడు యాదగిరి. నవ్వాడు గానీ ముఖంలో కళ లేదు.

అతుకు బాగానే ఉంది. బెల్టును అప్పటికే అతిగా బిగించారు, దాంతో బేరింగు కూడా వేడెక్కుతోంది. షాఫ్టుకు అవతలి పక్క నేల మీద కొత్త సిమెంటు మచ్చ కనిపించింది. అదేమిటని అడిగాను.

"మోటారు గాడ, వాయవ్యంల ఉండె సార్. మొన్న సిద్ధాంతి వచ్చి, అగ్గి ఆగ్నేయంల ఉండాలె అన్నడు. గీడికి మోసినం."

విషయం అర్థమైంది. బెల్టులో మోటారు లాక్కునే వరస బిగువుగా, వదిలే వరస వదులుగా ఉంటాయి. వదులు వరస పైనుంటే కిందికి వాలి పుల్లీని ఎక్కువ మేర హత్తుకుంటుంది. షాఫ్టు తిరిగే దిశ మారకుండా మోటారు మాత్రం పక్క మారడంతో వదులు కిందికి చేరింది. బెల్టు వేలాడి, పుల్లీ మీద పట్టు తప్పుతోంది.

మోటారును పాత చోటికి మార్చమన్నాను.

"ఇంకేదైనా చెప్పండి. ఆగ్నేయం నుంచి కదిలించేది లేదు," అన్నారు రంగయ్యగారు.

సరే, మోటారుకు వచ్చే మూడు ఫేజుల్లో రెండింటిని తారుమారు చేయించాను. మోటారు ఎదురు తిరిగింది. యాదగిరి బెల్టును ఇంగ్లీషు ఎనిమిది అంకెలా మెలివేసి ఎక్కించాడు. మెలికకు పొడవు చాలక మోటారును దాని కింది పట్టాల మీద కాస్త షాఫ్టు వైపు జరిపాం. మెలిక బెల్టు పుల్లీలను మరింత చుట్టుకుంటుంది. మోటారు ఎదురు తిరిగినా, మెలిక వల్ల షాఫ్టు పాత దిశలోనే తిరుగుతుంది.

వడ్లు పోశారు. షాఫ్టు వేగం తగ్గలేదు.

"చూశారా ఆగ్నేయం మహిమ!" అన్నారు రంగయ్యగారు.

"ఇగ గొర్లకు వేరేటోణ్ణి దేవులాడమను సార్," అన్నాడు యాదగిరి నా చెవిలో.

బెల్టు జారితే బిగించే ముందు ఏ వరస లాగుతోందో చూడాలి. ఆ తర్వాత ఏ మిల్లుకు వెళ్లినా నా మొదటి ప్రశ్న మాత్రం వేరు: ఈ మధ్య సిద్ధాంతి గారు వచ్చి వెళ్లారా?