పారామీషియం మీద నా జవాబు

కామారెడ్డిలో డిగ్రీ చివరి ఏడాది. జువాలజీ వైవాకు బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు, ఏకకణ జీవి పారామీషియం రూపాన్ని ఏది నిర్ణయిస్తుందని అడిగాడు.

"జన్యువులు సార్. కని అవొక్కటే కాదు. ఒంటి మీది వెంట్రుకలసొంటి సీలియాల వరుసను తిప్పి అతికిస్తే, జన్యువులు మారకున్నా పిల్ల కణాలకు తిరగబడ్డ వరుసే వస్తది."

"మీ ఇంట్ల ఏం చేస్తరు?"

"ఎల్లారెడ్డిల అవ్వ బీడీలు చేస్తది సార్."

"గందుకే గిట్ల చెప్తున్నవ్" అని, జవాబు తప్పన్నట్టు నవ్వాడు.

ఆ సీలియాల సంగతి నాకు నేర్పిన మా సారు ఆయన పక్కనే కూర్చున్నాడు. అటు తిరిగి కిటికీలోంచి బయటికి చూశాడు.

అత్తెసరు మార్కులతో పాసయ్యాను. పీజీ సీటు రాలేదు. ఇప్పుడు ఎల్లారెడ్డిలో బడిపిల్లలకు సైన్సు చెబుతున్నాను. ఆ పరీక్షకుడి మొహం కూడా గుర్తులేదు. మా సారును మాత్రం క్షమించలేకపోయాను.