నాలుగొందల గ్రాముల దాకా మామూలే

లారీ చక్రాలకి సీసం బిళ్ళలు కొట్టడంలో గ్రాముల బాబాయిని మించినవాడు ఆ రోడ్డు మొత్తమ్మీద లేడు. ఇది నా మాట కాదు, డ్రైవర్ల మాట. డ్రైవర్లు ఒకర్ని మెచ్చుకోవడమంటే మాటలా! స్టీరింగ్ వణుకుతోందని ఎవరొచ్చినా చక్రం విప్పి మిషన్‌కెక్కించేవాడు. తేలికగా ఉన్న వైపు రిమ్ము అంచుకి బిళ్ళ పెట్టి సుత్తితో రెండే రెండు దెబ్బలు. మూడో దెబ్బ పడిందంటే పొద్దున ఇంట్లో గొడవైనట్టే అని నవ్వుకునేవాళ్ళు.

ఇంత సీసం పట్టిందేంటని కొత్త డ్రైవర్లు కంగారుపడితే ఆయన చెప్పేది ఒకటే. పెద్ద టైరన్నాక నాలుగొందల గ్రాముల దాకా మామూలే. దాటితే టైరుని రిమ్ము మీద సగం చుట్టు తిప్పి బిగించి చూడాలి. అప్పటికీ దాటితే బిళ్ళలు పెంచుకుంటూ పోకూడదు, ఆ టైరునే తీసి పక్కన పెట్టాలి. ఓనరు ఎంత మొత్తుకున్నా ఈ లెక్క మార్చింది లేదు.

అలాంటి మనిషికి యాభై నాలుగో ఏట కుడిచెయ్యి వణకడం మొదలెట్టింది. ఇది పెరిగేదే గానీ తగ్గేది కాదన్నాడు డాక్టరు. ఆ మాట ఇంట్లో చెప్పలేదు, షాపులో అసలే చెప్పలేదు. వణికే చేతికి సుత్తి ఎవడిస్తాడు? ఇరవై తొమ్మిదేళ్ళలో ఇంకో పని నేర్చుకున్న పాపాన పోలేదాయె.

చేతిలో బరువుంటే వణుకు తగ్గుతోందని ఆయనే కనిపెట్టాడు. ఇంకేముంది, తెలిసిన విద్యే! యాభై గ్రాముల బిళ్ళని గుడ్డలో చుట్టి మణికట్టుకి కట్టుకుని, పైన చొక్కా చెయ్యి దించుకున్నాడు. చెయ్యి కుదురుకుంది. ఆ వారమంతా ఈలలే ఈలలు. రెండు నెలలకి నూటయాభై అయింది, తర్వాత రెండొందల యాభై.

భార్యకి తెలియదనుకున్నాడు పిచ్చి మారాజు. బట్టలుతికే మనిషికి చొక్కా చేతికంటిన నల్లటి మరక కనపడదా? ఆవిడేమీ అడగలేదు. ఓ రోజు అరలు కుట్టిన పట్టీ ఒకటి ఆయన జేబులో పెట్టింది. ఒక్కో అరలో ఒక్కో బిళ్ళ, మొత్తం ఎనిమిది అరలు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ నాలుగొందల పాట ఆవిడ విననిదా?

ఏడాది తిరిగేసరికి ఎనిమిదీ నిండాయి. సుత్తి ఎడమచేతికి మార్చి చూశాడు, టైరుని సగం చుట్టు తిప్పినట్టు. నెల్లాళ్ళకి ఎడమచెయ్యీ అదే దారి పట్టింది.

ఓ రోజు పాత డ్రైవరొకడు తిరిగొచ్చాడు. ముందు చక్రానికి కొట్టిన బిళ్ళ దారిలో ఎక్కడో ఊడిపోయిందట. రోడ్డు బాలేదు బాబాయ్, నీ తప్పేం లేదన్నాడు. తిట్టినా బాగుండేది. ఆ మాటకి ఆయన తల ఎత్తలేకపోయాడు.

సాయంత్రం ఇంటికెళ్ళి పట్టీ భార్య ముందు పెట్టాడు.

"ఇంకో రెండు అరలు కుట్టవా?"

ఆవిడ సూదిలో దారం ఎక్కించింది. కుట్టలేదు.

"కుట్టమంటే కుడతాను. ఇదే టైరైతే మీరేం చేస్తారో చెప్పండి."

ఆయన పట్టీ చేతిలోకి తీసుకున్నాడు.

"తీసి పక్కన పెడతాను."

బిళ్ళలు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టడానికి ఎంతసేపు పట్టిందో! ఒట్టి చెయ్యి బల్ల మీద టకటకా కొట్టుకుంటుంటే ఆవిడ రెండు చేతులతో గట్టిగా అదిమి పట్టుకుంది. అయినా ఆగలేదు.