కార్వాన్ మిద్దె మీద సున్నంతో రాసిన తేదీ

నార్వేలో ఉంటాను. సౌర తుఫానులు వచ్చినప్పుడు ధ్రువపు ఆకాశంలో రేగే అలజడిని కొలవడం నా ఉద్యోగం. సెలవులో హైదరాబాద్ పాతబస్తీకి వచ్చి, కార్వాన్‌లో పాలవ్యాపారి మల్లేశం ఇంట్లో దిగాను. ఓ సాయంత్రం ఆయన మిద్దె మీద పావురాలకు జొన్నలు చల్లుతుంటే, గోడ మీద సున్నంతో రాసిన తేదీ ఒకటి కనబడింది. ఏమిటని అడిగాను.

"గా దినం పదకొండు పావురాలను ఇడిసిన సార్. మబ్బు లేదు, గాలి లేదు. రెండే ఇల్లు జేరినయ్. బస్తీల అందరియి గట్లనే దారి తప్పినయ్."

"మిగతావి పోయినట్టేనా?"

"వేరే దినమైతే ఎవరి మిద్దె మీద వాలితే వాళ్లయే, పావురాల ఆట కాయిదా గదే. గా దినం మాత్రం పొద్దుగూకకముందే ఎవరియి వాళ్లకు తెచ్చిచ్చిన్రు. ఆకాశమే గడబడ జేసినంక పట్టుకుంటే దొంగతనమే గద సార్!"

పావురాలకు దారి చూపే భూమి అయస్కాంత శక్తిని సౌర తుఫాను కుదిపేస్తుంది. ఆ ఏడాది అన్నిటికన్నా పెద్ద తుఫాను వచ్చింది సరిగ్గా ఆ తేదీనే. దాని మీద నేను రాసిన నివేదికలో చివరి వాక్యం ఇది: "ధ్రువాలకు దూరంగా ఉన్న దేశాల్లో దీన్ని ఎవరూ గమనించి ఉండరు."