అక్క అడిగిన ప్రశ్నలు

మొన్న పక్కింటావిడ ఫోను పట్టుకొచ్చి బెంగళూరులో ఒక కేథలిక్ యూనివర్సిటీ వీడియో చూపించింది. చేరబోయే పిల్లలను, వాళ్ళ పెద్దవాళ్ళను క్యాంపస్ అంతా నడిపించి చూపిస్తారట. "మీరొకసారి పోయొచ్చినారంట గదక్కా, మాతో పాటు రాండి" అంది. మోకాళ్ళ నొప్పులని చెప్పి పంపేశాను. ఆ గేటు లోపల మళ్ళీ అడుగుపెట్టే ధైర్యం నాకు లేదు.

కొన్నేళ్ళ కిందట నేనక్కడికి పోయింది మా అక్కతో, అక్క కూతురితో. బావ పోయినప్పటి నుంచి అక్క ఆదోనిలో జిన్నింగు మిల్లులో పనిచేసేది. దూది నూగు ఆమె జుట్టులో, చీర మడతల్లో, ఒక్కోసారి మా అన్నం పళ్ళెంలో కూడా కనిపించేది. పోనుపోను ఊపిరితిత్తుల్లోకీ చేరింది. నాలుగు మాటలు మాట్లాడితే దగ్గు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. పిల్లకేమో మంచి మార్కులొచ్చాయి. ఈ యూనివర్సిటీ సంగతి మా చర్చి ఫాదరే చెప్పాడు. పిల్ల మాత్రం "నిన్నిట్ల ఇడిసిపెట్టి నేను యాడికీ పోను" అని మొండికేసింది. అక్క తక్కువ తిన్నదా! "నాకేమైందే? ఆ కాలేజీ అంతా నీ పక్కనే నడుస్తా. యాడన్నా ఆయాసపడితే నువ్వు సేరొద్దులే" అని పందెం కాసింది.

మమ్మల్ని తిప్పి చూపించింది రెండో సంవత్సరం చదివే బళ్ళారి పిల్ల. మా వైపు తిరిగి వెనక్కి నడుస్తూ, కన్నడం కలిసిన తెలుగులో గలగలా చెప్పుకుపోయేది. ఎక్కడ తట్టుకుని పడుతుందోనని నా భయం నాది. మేరీమాత విగ్రహం దాటగానే అక్క ఆగింది. "తల్లీ, ఈ మాతకు పూలెవురు మారుస్తారు?" ఆ పిల్ల సంబరంగా ఆగి చెప్పింది. కొంచెం దూరం పోయాక "ఇదేం సెట్టు తల్లీ?" ఆ పిల్లకు తెలియదు, ఇంకొకరిని అడిగొచ్చింది. ఆ తర్వాత గంట ఎవరు కొడతారని అడిగింది. గుంపులో ఒక పెద్దాయన చేతి గడియారం చూసుకుని గొణిగాడు. మా అక్కకు చదువు మీద ఇంత ఆరాటం ఎప్పుడు పుట్టిందా అని నేనూ నవ్వుకున్నాను. పక్కకు చేరాక గానీ తెలియలేదు, ప్రశ్న అడిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊపిరి కూడదీసుకుంటోందని. నా చెయ్యి గట్టిగా పట్టుకుని "మే, సెప్పొద్దు" అంది.

లైబ్రరీ మెట్ల మీద సగంలో అక్క నోరు తెరిచింది కానీ మాట రాలేదు. ముందు పోతున్న పిల్ల వెనక్కి తిరిగి తల్లిని చూసింది. ఒక్క క్షణమే. వెంటనే బళ్ళారి పిల్లను నిలబెట్టి, పుస్తకాలు ఇంటికిస్తారా, ఆదివారం తెరుస్తారా, హాస్టల్‌లో రొట్టెలా అన్నమా అంటూ ఒకదాని మీద ఒకటి అడిగింది. అక్క దగ్గు సర్దుకునే దాకా అడుగుతూనే ఉంది. పిల్లకు చివరికి హుషారు పుట్టిందనుకున్నాను.

గేటు బయట అక్క చెమట తుడుచుకుని "సూసినావా, యాడన్నా ఆయాసపడినానా?" అంది.

"లేదుమా. సేర్తాలే" అంది పిల్ల.

అక్క మొహంలో అంత వెలుగు బావ ఉన్న రోజుల తర్వాత నేను చూడలేదు.

పిల్ల చేరిన ఏడాదే, క్రిస్మస్‌కు ముందు, అక్క పోయింది. సమాధి దగ్గర పిల్ల ఏడవలేదు. ఇంటికొచ్చి మిల్లు చీర ఒకటి ఒళ్ళో పెట్టుకుని, అప్పుడు ఏడ్చింది. ఇక చదువు మానేస్తుందేమోనని నేను భయపడుతుంటే వారం తిరక్కుండానే పెట్టె సర్దుకుంది. స్టేషన్‌లో బండి కోసం చూస్తూ ఉండబట్టలేక అడిగాను, ఆ రోజు అమ్మ సంగతి నీకు తెలియలేదా అని.

"మెట్ల కాడ తెలిసింది సిన్నమ్మా."

"తెలిసీ సేరినావా?"

"నా కోసం అంత దూరం నడిసింది గదా. సేరకపోతే ఆ నడకంతా ఏం గావాల?"

బండి వచ్చింది, ఎక్కి పోయింది. చదువు పూర్తి చేసింది, ఇప్పుడు అక్కడే ఉద్యోగం. నెలకోసారి వచ్చి నా దగ్గర పడుకుని పోతుంది. ఆ రోజు ఆ తల్లీకూతుళ్ళు ఒకరి పక్కన ఒకరు నడిచింది గట్టిగా ఒక పూట కూడా లేదు. దాన్ని తలుచుకోవడానికి నాకు మిగిలిన ఏళ్ళు చాలేట్టు లేవు.