తుపాను సంచి

జాలరిపేటలో గంగాలమ్మ ఇంటి గుమ్మం పక్కన మేకుకి ఒక నీలం సంచి వేలాడుతుంటుంది. హుద్‌హుద్‌ తుపానుకి ఇంటి రేకులు లేచిపోయినప్పట్నుంచీ అది అక్కడే. అందులో టార్చి, అటుకులు, జ్వరం బిళ్లలు, కవర్లో చుట్టిన అగ్గిపెట్టె, రెండు చీరలు. శుక్రవారం ఇల్లు కడిగాక అన్నీ చాప మీద పరిచి, అటుకులు వాసన చూసి, టార్చి వెలిగించి చూసి, మళ్లీ అదే వరసలో సర్దుతుంది. కరెంటు పోయి మొగుడు సింహాద్రి చీకట్లో తడుముకుంటున్నా ఆ టార్చి ఇవ్వదు. "అది తుపాన్ది మావా, సెయ్యెట్టకు" అంటుంది.

మొన్న మిట్టమధ్యాహ్నం ఎదురింటి సూర్యకళ ఇల్లు కాలిపోయింది. పిల్లలతో, కట్టుబట్టలతో రోడ్డు మీద నిలబడ్డ ఆమె భుజానికి గంగాలమ్మ ఆ సంచి తగిలించేసి వచ్చింది. ఖాళీ మేకు చూసి సింహాద్రి, "ఏటే, తుపాను రానేదు కదా?" అన్నాడు.

"ఆళింటికొచ్చీసింది కదేటి" అంటూ ఆమె ఇంకో సంచి దులిపింది.